దూలగొండి గింజ, పురుగుమందు డబ్బా: మన ఇళ్లలో రాయని ఒక చరిత్ర

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికలో మన వీరుల గురించి, పండుగల గురించి, భాషల గురించి పెద్దలు ఎన్నో విషయాలు రాస్తున్నారు. నేను మాత్రం మనం నలుగురిలో మాట్లాడుకోని ఒక విషయం ఎంచుకున్నాను. అది మగవాడి సంతాన శక్తి గురించి, దాన్ని దెబ్బతీసిన పురుగుమందుల గురించి, కాపాడతాయని చెబుతున్న మొక్కల గురించి. సిగ్గుపడి వదిలేయాల్సిన విషయం కాదిది. యాభై ఏళ్లుగా మన పొలాల్లో జరుగుతున్న చరిత్ర.

మా మేనమామ సంగతితో మొదలుపెడతాను. భద్రాచలం ఏజెన్సీలో మాది కోయ గూడెం. మామ పదిహేనేళ్లు మిరప తోటల్లో, పత్తి చేలల్లో కూలికి మందు కొట్టాడు. భుజాన పంపు, ఒంటి మీద బనియను, కాళ్లకు చెప్పులు లేవు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా పిల్లలు లేరు. ఊరు ఊరంతా మా అత్తను గొడ్రాలన్నది. మొక్కులు మొక్కించారు, తాయెత్తులు కట్టించారు, చివరికి మామకు రెండో పెళ్లి మాట కూడా ఎత్తారు. ఎవరో చెబితే పట్నంలో ఒక ఆసుపత్రికి వెళ్లి ఇద్దరూ పరీక్ష చేయించుకున్నారు. అత్తలో ఏ లోపమూ లేదు. మామకు వీర్యకణాలు చాలా తక్కువగా ఉన్నాయి. పురుగుమందే దానికి కారణమని ఏ డాక్టరూ రాసివ్వలేదు. నేనూ రాసివ్వలేను. కానీ ఆ రోజు నుంచి నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. తెలుగులో పిల్లలు లేని ఆడదానికి గొడ్రాలనే పేరుంది. పిల్లలు పుట్టని మగవాడికి రోజువారీ మాటల్లో అలాంటి పేరు ఎందుకు లేదు? పేరు లేని జబ్బును ఎవరు వెతుకుతారు?

మందు అనే మాట

మన మాటలోనే ఒక చిక్కు ఉంది. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. అడవి నుంచి తాత తెచ్చే వేరు మందు, షావుకారు కొట్టు నుంచి వచ్చే డబ్బా మందు. "మందు కొట్టారా?" అంటే చేను గురించి అడిగినట్టు. "మందు తాగాడు" అంటే గుండె గుభేలుమంటుంది. ఒకే మాట ప్రాణం పోసేదానికీ, ప్రాణం తీసేదానికీ వాడుతున్నాం. విషాన్ని మందని పిలవడం అలవాటయ్యాక దానికి దూరంగా ఉండాలనే భయం కూడా తగ్గిపోయింది.

దూలగొండి పాత కథ

అడవి మందుల్లో దూలగొండిని తెలియనివాళ్లు మనలో ఉండరు. పొదల మీద పాకే తీగ, గుత్తులుగా కాయలు, వాటి మీద బంగారు రంగు నూగు. ఆ నూగు ఒంటికి తగిలితే ఇక చూడు, దురదే దురద. చిన్నప్పుడు గిట్టనివాడి చొక్కాలో దూలగొండి నూగు వేసి తన్నులు తిన్నవాళ్లు ఈ సంచిక చదువుతున్నవారిలో కూడా ఉంటారు. సంస్కృత వైద్య గ్రంథాలు దీన్ని కపికచ్ఛు, ఆత్మగుప్త అన్నాయి. కోతికి కూడా దురద పెట్టేది, తనను తాను కాపాడుకునేది అని ఆ పేర్ల భావం. చరక సంహిత కాలం నుంచి ఆయుర్వేదం దీన్ని మగవాడికి బలమిచ్చే గింజగా చెబుతోంది. 18వ శతాబ్దం చివర ఇంగ్లండు వైద్యులు కాయ మీది నూగును పాకంలో కలిపి కడుపులో పురుగులకు ఇచ్చేవారు.

ఆయుర్వేదానికి అది మందు. దక్షిణాది కొండల్లోని చాలా ఆదివాసీ తెగలకు అది కరువు కాలపు తిండి కూడా. గింజల్ని అలాగే తింటే వాంతులు, తల తిరుగుడు. అందుకే మన పెద్దలు వాటిని ఉడకబెట్టి, నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లతో ఉడకబెట్టేవారు. ఇలా ఒకసారి కాదు, ఏడెనిమిది సార్లు వరకూ. ఈ పద్ధతిని పుస్తకాల్లోకి ఎక్కించిన వృక్షశాస్త్రవేత్తలు దాన్ని మొదట వింతగా చూశారు. రసాయన శాస్త్రం తర్వాత దాని గుట్టు చెప్పింది.

1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి అనే ఇద్దరు పరిశోధకులు దూలగొండి గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. అప్పటికి దాని విలువ ఎవరికీ తెలియదు. 1960లలో వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్స్‌కు, అదే పదార్థం మందుగా ప్రపంచమంతా పాకింది. దూలగొండి గింజలో నూటికి మూడు నుంచి ఆరు పాళ్ల వరకూ ఎల్-డోపా ఉంటుంది. వాంతులు, తల తిరుగుడు దానివల్లే. అది నీళ్లలో కరుగుతుంది కాబట్టి మన అవ్వలు పారబోసిన నీళ్లతో చాలావరకు పోయేది. ప్రయోగశాల దేన్ని కోరి పట్టుకుందో, మన వంటగది దాన్నే తెలిసి వదిలేసింది. మనవాళ్లు దాన్ని తిండిగా తిన్నారు, వాళ్లు మందుగా చూశారు. గింజ ఒకటే. దాని బలం ఎంతో, ఎప్పుడు ముప్పో మన అవ్వలకు ముందే తెలుసు.

పత్తి, మిర్చి వెంట వచ్చిన డబ్బాలు

మన ఏజెన్సీల్లోకి రసాయన విషం మొదట చేల కోసం రాలేదు. 1953లో దేశంలో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక డీడీటీ మన గుడిసెల గోడల మీదికి వచ్చింది. దాని వల్ల దోమలు తగ్గాయి, ప్రాణాలు నిలిచాయి. ఆ మేలును కాదనలేం. కానీ అమెరికాలో 1950లోనే బర్లింగ్టన్, లిండెమన్ అనే ఇద్దరు కోడిపుంజుల మీద ఒక ప్రయోగం చేశారు. చిన్న పుంజులకు రోజూ డీడీటీ ఎక్కిస్తే అవి చావలేదు. కానీ వాటి నెత్తిన జుట్టు ఎదగలేదు, వృషణాలు మామూలు పుంజుల వాటిలో ఐదో వంతు కూడా కాలేదు. పుంజును చూడగానే దాని పౌరుషం అంచనా కట్టే మన గూడేలకు ఈ సంగతి అప్పుడే చెప్పి ఉంటే ఇంకేమీ వివరించాల్సిన పని ఉండేది కాదు.

తర్వాత పత్తి వచ్చింది. 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ తయారుచేసిన హెచ్-4 ప్రపంచంలోనే మొదటి వాణిజ్య సంకర పత్తి. దిగుబడి పెరిగింది, పురుగూ పెరిగింది. గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తి విస్తరించింది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్లు వచ్చాయి. కొట్టిన మొదటి ఏళ్లలో పురుగు రాలిపడింది. 1987-88 నాటికి శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగలేదు. ఒక్క పంటకాలంలో ఇరవైకి పైగా సార్లు కొట్టినవాళ్లున్నారు. అయినా కాయ నిలవలేదు, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ల తర్వాత, 1997-98లో, వరంగల్ జిల్లా అదే విషాదం చూసింది.

ఆ పంటలు మైదానంలో ఆగలేదు. ఆదిలాబాద్ గోండుల జొన్న చేలలో పత్తి పాకింది. గోదావరి ఒడ్డున మన భూముల్లో పొగాకు, మిర్చి, పత్తి దిగాయి. 1970లో వచ్చిన 1/70 చట్టం కాగితం మీద ఉండగానే ఎన్నో చోట్ల మన భూమిలో మనమే కూలీలమయ్యాం. పంట ఎవరిదైనా, పంపు భుజాన వేసుకున్నది ఎక్కువగా మనవాడే. కూలికి పోయేవాడికి డబ్బా మీది కాగితం చదవడం రాదు. చదవడం వచ్చినా అక్షరాలు చీమ తలంత. డబ్బా మీద ఎర్రటి ముక్కోణం అంటే అత్యంత విషమని మాకు ఎవరూ చెప్పలేదు. ఖాళీ అయిన డబ్బాలో నూనె పోసుకున్న ఇళ్లు కూడా నేను చూశాను.

లాత్రోప్ కార్మికులు పెట్టిన లెక్క

పురుగుమందు మగవాడి సంతాన శక్తిని తీసేస్తుందని ప్రపంచానికి గట్టిగా తెలిసింది 1977లో. అమెరికాలోని కాలిఫోర్నియాలో లాత్రోప్ అనే ఊళ్లో ఒక పురుగుమందుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ డీబీసీపీ అనే మందు తయారయ్యేది. వేర్లను తినే నులిపురుగుల్ని చంపడానికి దాన్ని నేలలో వేసేవారు. ఆ విభాగంలో పనిచేసేవాళ్లు మాటల్లో మాటగా ఒక సంగతి గమనించారు. తమలో చాలామందికి కొంతకాలంగా పిల్లలు పుట్టడం లేదు. ఏ శాస్త్రవేత్తా ముందుగా చూడలేదు. కార్మికులే లెక్క పెట్టుకుని పరీక్షలు అడిగారు. డాక్టర్ డొనాల్డ్ వోర్టన్ బృందం పరీక్షించిన, ఆపరేషన్ చేయించుకోని 25 మందిలో 14 మందికి వీర్యకణాలు అసలు లేవు లేదా బాగా తక్కువ. ఆ ఏడాదే ఆ నివేదిక 'లాన్సెట్' పత్రికలో వచ్చింది.

ఇందులో కడుపు మండే విషయం వేరే ఉంది. డీబీసీపీ ఎలుకల వృషణాల్ని కుదించేస్తోందని 1961లోనే అచ్చయింది. అంటే ఎలుకలు చెప్పిన మాటకూ మనుషుల్ని పరీక్షించడానికీ మధ్య పదహారేళ్లు గడిచాయి. 1979లో అమెరికా తన నేల మీద ఆ మందును దాదాపు పూర్తిగా ఆపేసింది. కానీ కోస్టారికా, హోండురస్, నికరాగువా వంటి దేశాల అరటి తోటల్లో వేలమంది కూలీలు అప్పటికే దాని పాలపడ్డారు. వాళ్లు కోర్టుల చుట్టూ దశాబ్దాలు తిరిగారు. పేదవాడి తోట, పెద్దవాడి పంట, మధ్యలో విషం. ఖండం మారినా కథ మనదే.

కాసరగోడ్, మన పత్తి చేలు

మన దేశంలో కేరళలోని కాసరగోడ్ జిల్లాను మరచిపోకూడదు. అక్కడ జీడిమామిడి తోటల మీద 1970ల నుంచి 2000 వరకూ హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. కొండ మీద తోటలు, కింద ఊళ్లు, బావులు, వాగులు. పద్రె గ్రామంలో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు 10 నుంచి 19 ఏళ్ల లోపు బడి పిల్లల్ని పరీక్షించారు. చల్లిన ఊరి మగపిల్లలు 117 మంది, పోలిక కోసం వేరే ఊరివాళ్లు 90 మంది. 2003లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం ఎండోసల్ఫాన్ పడిన ఊరి మగపిల్లల్లో యుక్తవయసు మార్పులు ఆలస్యమయ్యాయి, మగ హార్మోను తయారీలో తేడా కనిపించింది. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపింది. 2017లో బాధితులకు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని చెప్పింది. ఆ పిల్లల వయసును మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మన తెలుగు నేల మీద కూడా ఈ లెక్క తీసినవాళ్లున్నారు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన డి.ఎస్. రూప, పి.పి. రెడ్డి, ఓ.ఎస్. రెడ్డి పత్తి చేలల్లో మందు కలిపే, కొట్టే మగవాళ్ల కుటుంబాల్ని అధ్యయనం చేశారు. 1991లో అచ్చయిన ఆ పరిశోధనలో మందుతో పనిచేసే మగవాళ్ల జంటలు వెయ్యికి పైగా, మందు ముట్టనివాళ్ల జంటలు కూడా దాదాపు అంతే. మందు కొట్టేవాళ్ల జంటల్లో సంతానం కలిగినవారి శాతం తక్కువగా తేలింది. గర్భం నిలవకపోవడం, పురిటిలోనే బిడ్డ పోవడం ఎక్కువగా తేలింది. గుర్తుపెట్టుకోండి, మందు కొట్టింది మగవాడు. గర్భం పోయింది ఆడదానికి. నింద కూడా ఆడదానికే పోయింది.

లోపల జరిగేదేమిటి

ఒక వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. తర్వాత పక్వం కావడానికి మరికొన్ని రోజులు. అంటే ఈరోజు కొట్టిన మందు ప్రభావం రెండు మూడు నెలల తర్వాత కనిపిస్తుంది. అందుకే మనవాళ్లు దానికీ దీనికీ ముడి పెట్టలేకపోయారు. పత్తి ఏరే వేళకు జరిగే నష్టానికి బీజం పూత వేళ కొట్టిన మందులో ఉండవచ్చు.

విషం దెబ్బతీసే దారులు కొన్ని ఉన్నాయి. కొన్ని మందులు మగ హార్మోను పనిని అడ్డుకుంటాయి. కొన్ని మెదడు నుంచి వృషణాలకు వెళ్లే సంకేతాన్ని చెడగొడతాయి. చాలా మందులు కణాల్లో అతి చురుకైన ఆక్సిజన్ రకాల్ని పెంచుతాయి. ఇనుముకు తుప్పు పట్టినట్టు ఇవి కణాన్ని తినేస్తాయి. వీర్యకణం పైపొరలో త్వరగా పాడయ్యే కొవ్వులు ఎక్కువ, తనను కాపాడుకునే సరంజామా తక్కువ. కాబట్టి మొదట దెబ్బ తినేది అదే. విత్తే కణాలు, అంటే వీర్యకణాలకు మూలమైన కణాలు బతికి ఉంటే మందుకు దూరమైన కొన్ని నెలలకు కోలుకునే అవకాశం ఉంది. డీబీసీపీలా మూలకణాలే పోతే కొందరికి ఇక తిరిగి రాదు.

ప్రయోగశాలలో వేర్లు, గింజలు

ఇక్కడ మన అడవి మళ్లీ కథలోకి వస్తుంది. తుప్పును ఆపే గుణం ఆకుల్లో, వేర్లలో, గింజల్లో ఉందని శాస్త్రవేత్తలు చూశారు. గత కొన్ని దశాబ్దాలుగా భారతదేశం, నైజీరియా, ఈజిప్టు, ఇరాన్ వంటి దేశాల్లో ఎన్నో ప్రయోగాలు జరిగాయి. పద్ధతి దాదాపు ఒకటే. మగ ఎలుకల్ని నాలుగు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వరు. ఒకదానికి పురుగుమందు, ఇంకోదానికి పురుగుమందుతోపాటు మొక్క సారం, చివరిదానికి సారం ఒక్కటే ఇస్తారు. కొన్ని వారాల తర్వాత వీర్యకణాల సంఖ్య, కదలిక, హార్మోను, వృషణాల లోపలి నిర్మాణం చూస్తారు. మందుతోపాటు సారం తిన్న గుంపులో నష్టం కొంత తగ్గినట్టు చాలా ప్రయోగాలు చెప్పాయి.

మనుషుల మీద కూడా కొంత పని జరిగింది. లక్నోలోని వైద్య విశ్వవిద్యాలయంలో సంతానం లేని 75 మంది మగవాళ్లకు దూలగొండి గింజల పొడి రోజుకు 5 గ్రాముల చొప్పున మూడు నెలలు ఇచ్చారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం వీర్యకణాల సంఖ్య, కదలిక, మగ హార్మోను పెరిగాయి. అశ్వగంధ వేరు పొడితోనూ అదే చోట అదే తీరు పరిశోధన చేశారు, మేలు కనిపించిందన్నారు. మనవాళ్లు దాన్ని పెన్నేరు అంటారు. గింజలోని ఎల్-డోపా ఒంట్లో డోపమిన్‌గా మారి, ప్రొలాక్టిన్ అనే హార్మోనును తగ్గించి, మగ హార్మోనుకు దారి ఇస్తుందని వాళ్ల వివరణ.

ఇక్కడ నేను ఒక మాట గట్టిగా చెప్పాలి. లక్నోలో మందు తిన్నవాళ్లు పురుగుమందు కూలీలు కారు. ఎలుకలు మనుషులు కావు. సారాన్ని విషంతోపాటే ఇచ్చి చూడడం వేరు, పదిహేనేళ్లు మందు కొట్టిన మనిషికి ఇవ్వడం వేరు. దూలగొండి గింజ ఎక్కువైతే ఏమవుతుందో మన అవ్వలకే తెలుసు. వణుకుడు జబ్బుకో, మానసిక జబ్బుకో మందులు వాడేవాళ్లు దాన్ని సొంతంగా ముట్టకూడదు. బజారులో డబ్బాల్లో అమ్మే "మగసిరి" పొడుల్లో ఏమి కలుస్తుందో చూసేవాడు లేడు. అడవి మందు పేరు చెప్పి మన పేరుతో వ్యాపారం చేసేవాళ్ల మాట నమ్మకండి.

ప్రతి మొక్కా మేలు చేయదు

మొక్క అంటే మంచిదే అనుకోవడం కూడా పొరపాటే. పత్తి గింజలోనే దానికి సాక్ష్యం ఉంది. చైనాలో జియాంగ్సు ప్రాంతంలోని ఒక ఊళ్లో శుద్ధి చేయని పత్తి గింజల నూనె వంటకు వాడాక పిల్లలు పుట్టడం ఆగిపోయింది. లియు బావోషాన్ అనే వైద్యుడు 1957లో దాన్ని రాశాడు. నూనెలోని గాసిపాల్ అనే పదార్థం మగవాడి వీర్యాన్ని ఆపుతోందని తర్వాత తేలింది. 1972 నుంచి చైనా దాన్ని మగవాళ్ల గర్భనిరోధక మాత్రగా వేలమందికి ఇచ్చి చూసింది. కొందరికి ఒంట్లో పొటాషియం పడిపోయింది, మానేసినా కొందరికి వీర్యకణాలు తిరిగి రాలేదు. 1980లలో ఆ ప్రయత్నం ఆగిపోయింది. వేప సంగతీ అంతే. వేపాకు సారం తాగించిన మగ ఎలుకల్లో సంతాన శక్తి తగ్గిందని పరిశోధనలు చెప్పాయి. వేపనూనె వీర్యకణాల్ని చంపుతుంది. అందుకే మన వెజ్జులు ఏ ఆకు, ఏ కాలంలో, ఎంత, ఎవరికి అని అడగకుండా ఇచ్చేవారు కారు. ఆ నాలుగు ప్రశ్నలే అసలు వైద్యం.

పునుకుల చూపిన దారి

అలాంటప్పుడు పురుగుమందు నుంచి మగవాడి సంతానాన్ని కాపాడే మొక్క సారం ఏది? నా జవాబు చాలామంది ఊహించేది కాదు. అది నోట్లో వేసుకునే సారం కాదు, చేను మీద చల్లే సారం.

పాత ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరుంది. పత్తికి మందులు కొని అప్పుల పాలైన ఊరది. 1999-2000 ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థ మాట విని ఒకరిద్దరు రైతులు పురుగుమందు మానేశారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, ఆవు పేడ-మూత్రం, లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలే కొయ్యలు, గట్ల మీద ఆముదం, బంతి మొక్కలు వాడారు. ఊరు మొదట నవ్వింది. దిగుబడి తగ్గలేదు, ఖర్చు తగ్గింది. మహిళా సంఘాలు పట్టుబట్టాయి. ఎందుకంటే మందు తడిసిన బట్టలు ఉతికేది, ఆసుపత్రికి మోసేది, అప్పు తీర్చేది వాళ్లే. 2004 నాటికి ఊరంతా పురుగుమందు లేని గ్రామమని ప్రకటించుకుంది. తర్వాత మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతి రాష్ట్రంలో ఎన్నో ఊళ్లకు వెళ్లింది.

వేపగింజల కషాయం చేయడం కష్టం కాదు. ఐదు కిలోల ఎండిన గింజల పప్పును దంచి, గుడ్డలో మూట కట్టి, పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పిండి, వడకట్టి, కాస్త సబ్బు పొడి కలిపి, నూరు లీటర్లు చేసి సాయంత్రం పూట చల్లాలి. వేపలోని అజాడిరాక్టిన్ పురుగును వెంటనే చంపదు. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. చల్లేవాడి ఒంటికి దీనివల్ల వచ్చే ముప్పు, ఎర్ర ముక్కోణం డబ్బాతో పోల్చదగ్గది కాదు. ఎలుక కడుపులోకి వెళ్లినప్పుడు కీడు చేసిన వేపే చేను మీద చల్లినప్పుడు మనల్ని కాపాడుతుంది. ఎక్కడ, ఎంత, ఎలా అన్న పాత ప్రశ్నలే ఇక్కడా జవాబు.

తెలివి ఎవరిది?

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. వేప ఆధారిత శిలీంద్ర నాశినికి ఐరోపాలో పేటెంటు ఇచ్చారు. మన దేశం నుంచి వెళ్లినవాళ్లు ఇది మా రైతులకు ముందే తెలుసని వాదించారు. 2000లో అది రద్దయింది, 2005లో ఆ రద్దు ఖాయమైంది. కేరళలో కాణి తెగవారు అడవిలో నడిచేటప్పుడు అలసట తెలియకుండా తినే ఆరోగ్యపచ్చ పండ్ల గుట్టును 1987లో శాస్త్రవేత్తలకు చెప్పారు. దాని నుంచి 'జీవని' అనే మందు తయారైంది. 1995లో కంపెనీకి ఇచ్చినప్పుడు వచ్చిన సొమ్ములో సగం కాణివారికి చెందేలా ఒప్పందం కుదిరింది. అందులో లోటుపాట్లు ఉన్నాయి, అయినా తెలివికి వాటా ఉంటుందని అది చూపింది. 2002 జీవవైవిధ్య చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ జ్ఞానాన్ని గుర్తించాయి. మన వెజ్జుల దగ్గర మగవాడి సంతానం కోసం ఇచ్చే వేర్లు, గింజలు ఇంకా ఉన్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే గ్రామసభ ముందు అడగమనండి. జీవవైవిధ్య కమిటీ రిజిస్టరులో మన పేర్లతో రాయించండి. ఒక్కడి చేతిలో వంద నోటు పెట్టి తీసుకుపోయే రోజులు పోవాలి.

మన సంఘానికి మూడు మాటలు

మొదటిది, పిల్లలు లేని జంట కనబడితే ఇద్దరికీ పరీక్ష చేయించమని చెప్పండి. మగవాడి పరీక్ష చిన్నది, నొప్పి లేనిది, ఆడవాళ్ల పరీక్షల కంటే చవకైనది. గొడ్రాలనే మాటను మన గూడేల్లోంచి తీసేద్దాం.

రెండోది, మందు కొట్టక తప్పని చోట ఒళ్లు పూర్తిగా కప్పే బట్టలు, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, గాలి వాలును చూసి నడవడం, చుట్ట ముట్టే ముందు సబ్బుతో చేతులు కడగడం, ఆ బట్టల్ని వేరుగా ఉతకడం తప్పనిసరి. ఖాళీ డబ్బా ఇంట్లోకి రాకూడదు. కూలికి పంపేవాళ్లను ఇవి అడిగి తీసుకోవడం మన హక్కు.

మూడోది, మన యువకులు వెజ్జుల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. ఏ గింజను ఎన్నిసార్లు ఉడకబెట్టి నీళ్లు పారబోయాలో తెలిసిన చివరి తరం ఇప్పుడు డెబ్బై దాటింది.

మా మామ మందు కొట్టడం మానేసి చాలా ఏళ్లయింది. పిల్లలు మాత్రం పుట్టలేదు. అక్క కొడుకును పెంచుకున్నారు. వాడిప్పుడు అత్త మాట విని రెండెకరాల్లో మందు లేకుండా కంది, జొన్న వేస్తున్నాడు. గట్టు మీద దూలగొండి తీగ పాకితే పీకేయబోయాడట. అత్త వద్దంది. "ఉండనీరా, పేరు తెలిసిన మందు అది" అందట.

పేరు తెలిసిన మందుల్ని మనకు మిగిల్చిన పెద్దలందరికీ జోహార్లు.